మాట వెనుక మాట: ‘హి మీన్స్ వెల్’

పోయిన సంచిక అందిన వారానికల్లా ఒక సోదరి రాసిన ఉత్తరం సంపాదకుల ద్వారా మా చేతికి చేరింది. ఉత్తరం చిన్నదే. వారి భర్త గురించి ఆఫీసులో పైఅధికారి మరొకరితో మాట్లాడుతూ ‘హి మీన్స్ వెల్’ అన్నాడట. ఆ మాట ఈయన చెవిన పడింది. ఇంటికి వచ్చి ఆవిడకు చెప్పారు. "సంతోషించాలా, వద్దా? మా ఇద్దరికీ పందెం. మీరు తీర్పు చెప్పాలి" అని రాశారు.

పందెంలో ఎవరు ఏ పక్షమో రాయలేదు కనుక మేము నిర్భయంగా తీర్పు చెబుతున్నాము. సంతోషించవద్దు. కంగారు కూడా పడవద్దు. అది మెచ్చుకోలు కాదు, తిట్టూ కాదు. మధ్యలో ఆపేసిన వాక్యం.

నిఘంటువు తీస్తే ఇబ్బందేమీ కనబడదు. మీన్ అంటే ఉద్దేశించు. వెల్ అంటే మేలుగా. రెండూ కలిపితే ‘అతని ఉద్దేశం మంచిది’ అని వస్తుంది. ఇంగ్లీషును పుస్తకాల్లో నేర్చుకున్నవాళ్ళం కనుక మనం అక్కడే ఆగి, ఉద్దేశం మంచిదన్నారు గదా, ఇంకేం కావాలి అనుకుంటాం. ఆ భాషలో పుట్టి పెరిగినవాడికి అలా వినిపించదు. ‘హి మీన్స్ వెల్’ అనగానే అతని చెవి తరువాత రాబోయే ‘బట్’ కోసం ఎదురు చూస్తుంది. ‘బట్’ రాకపోతే మర్యాదకు మింగేశారని అర్థం చేసుకుంటుంది. పని బాగా చేసేవాడి గురించి ఆ మాట ఎవరూ అనరు. వాడి పనిని గురించే చెబుతారు. చెప్పుకోవడానికి పని దొరకనప్పుడే ఉద్దేశం దాకా వెళ్ళవలసి వస్తుంది.

ఇదేదో తెల్లవాళ్ళ కపటమని ఎవరైనా అంటారేమో, మన ఇంట్లోనే సాక్ష్యం ఉంది. పెళ్ళి సంబంధం విచారించడానికి వెళ్ళిన ఆడపిల్ల తండ్రిని తలచుకోండి. "అబ్బాయి ఎలాంటివాడండీ?" అని పక్కింటివారిని అడిగితే "మంచివాడండీ" అన్నారనుకోండి, ఆయన కాఫీ తాగి హాయిగా బస్సెక్కుతాడు. "మంచివాడే" అన్నారా, ఆ ‘డే’ దగ్గర ఆయన గుండె జారుతుంది. ఏమి దాస్తున్నారు? పేకాటా? అప్పులా? ఒక్క ఏకారం చేసిన పని అది. ఇంగ్లీషుకు ఈ ఏకారం లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి వాళ్ళు ‘మీన్స్ వెల్’ అనే మాట పెట్టుకున్నారు కాబోలు. కాబట్టి దాన్ని ‘ఉద్దేశం మంచిది’ అని అనువదించకండి, ‘ఉద్దేశం మంచిదే’ అనండి. సగం సమస్య తీరిపోతుంది.

మిగతా సగం ‘బట్’ ఎక్కడుందో చూస్తే తీరుతుంది. ‘షి మీన్స్ వెల్, బట్ షి టాక్స్ టూ మచ్’ అంటే అది ఫిర్యాదు. ‘షి టాక్స్ టూ మచ్, బట్ షి మీన్స్ వెల్’ అంటే అది క్షమాపణ, ఆవిడ తరఫున మాట్లాడేవారు చెప్పేది. మాటలు అవే, తూకం మారింది. మనకూ అంతే గదా. "మాట కరుకే గానీ మనసు వెన్న" అంటే పెళ్ళికూతుర్ని ఆ ఇంటికి పంపవచ్చు. "మనసు వెన్నే గానీ మాట కరుకు" అంటే మరొకసారి ఆలోచించాలి. రెండు భాషల్లోనూ ‘కానీ’ తరువాత వచ్చిందే నిలుస్తుంది. కాబట్టి ‘మీన్స్ వెల్’ వాక్యానికి తోకగా వస్తే ఊపిరి పీల్చుకోండి, తలగా వస్తే చెవి నిక్కించండి, ఒంటరిగా వస్తే తోక ఎక్కడ పోయిందో వెతకండి.

ఈ ‘మీన్’ అనే మాట పుట్టుక కూడా కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లీషులో ‘మీన్’లు మూడున్నాయి, మూడూ వేరు వేరు వంశాలు. లెక్కల్లో సరాసరికి వాడే ‘మీన్’ లాటిను నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మన పిల్లలు కోపమొచ్చినప్పుడు ‘యు ఆర్ మీన్’ అని మన మీదకు విసిరేది పాత ఇంగ్లీషులో ‘అందరికీ ఉమ్మడి అయినది’ అనే మాట. ఉమ్మడిది నాసిరకమై, నాసిరకం నీచమై, చివరికి అమ్మానాన్నలకు బిరుదుగా స్థిరపడింది. మూడోదే మన ‘మీన్’, ఉద్దేశించడం. జర్మనులు ‘అనుకొను’ అనే అర్థంలో వాడే క్రియకు ఇది చుట్టం.

ఈ మూడో మీన్‌లో ఒక చిత్రం ఉంది. మాటకు అర్థం ఏమిటి అనడానికీ, మనిషి ఉద్దేశం ఏమిటి అనడానికీ వాళ్ళకు ఒకే క్రియ. మనకు అవి రెండు వేర్వేరు సంగతులు అనిపిస్తుంది గాని, మన ‘అర్థం’ మాత్రం తక్కువ తిన్నదా? పదానికి అర్థం అంటాం. విద్యార్థి, స్వార్థం, లోకహితార్థం అన్నప్పుడు అదే మాట ప్రయోజనమూ కోరికా అవుతుంది. డబ్బు కూడా అర్థమే. ఇంగ్లీషువాడికి ‘మీన్స్’ అంటే సంపద అనే వాడుక కూడా ఉంది. అయితే అది ఇంకొక ‘మీన్’ గుమ్మంలోంచి వచ్చిందే గనుక ఆ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు.

వాడుకలు కొన్ని. ‘షి మీన్స్ వెల్ బై యు’ అంటే ఆవిడ నీ మేలు కోరుతున్నది అని నేరుగా అర్థం, ఇందులో తోక లేదు. ‘వెల్ మీనింగ్’ మనిషికి చెబుతారు, ‘వెల్ మెంట్’ ఆ మనిషి ఇచ్చిన సలహాకో చేసిన పనికో చెబుతారు. రెండింటిలోనూ ఆ సలహా పనికి రాలేదన్న వాసన ఉంటుంది. ‘ఐ మెంట్ వెల్’ అని తనను గురించి చెప్పుకుంటే పాలు ఒలికిపోయిన తరువాత చెప్పినట్టు. ‘ఐ మెంట్ టు కాల్ యు’ అంటే ఫోను చేయలేదని అర్థం, చేస్తానని కాదు. మన "చేద్దామనే అనుకున్నానండీ" దీనికి సరిజోడు. పిల్లలు గాజు గ్లాసు పగలగొట్టి ‘ఐ డిడ్ంట్ మీన్ టు’ అంటారే, అది మన "కావాలని చెయ్యలేదు". దక్షిణ రాష్ట్రాల్లో ఉన్న పాఠకులకు ‘బ్లెస్ హర్ హార్ట్’ అనే దీవెన పరిచయమే అయి ఉంటుంది. అది కూడా ఈ కోవలోదే, కాకపోతే కొంచెం చక్కెర ఎక్కువ.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఇక సరదా కాని సంగతికి వద్దాం.

మా ఎరుకలో ఒక యువకుడు ఉన్నాడు. కోస్తా జిల్లాలో మెడిసిన్ చదివి, ఇక్కడి పరీక్షలన్నీ మంచి మార్కులతో గట్టెక్కి, రెసిడెన్సీలో చేరాడు. ఆరు నెలలకు అతని పనితీరు మీద పెద్ద డాక్టరు రాసిన కాగితం చేతికొచ్చింది. కష్టపడతాడు, సమయానికి వస్తాడు, నర్సులకు ఇష్టుడు, ‘మీన్స్ వెల్’ అని అందులో ఉంది. ఆ రాత్రే ఇంటికి ఫోను చేసి నాన్నగారికి చదివి వినిపించాడు. నాన్నగారు రిటైరైన హెడ్మాస్టరు, ఇంగ్లీషు గట్టిగా వచ్చిన మనిషి. ఆయనా సంతోషించారు. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు లెక్కన ఆ వాక్యంలో దోషమేమీ లేదు మరి.

ఆ కాగితం మాకు చూపించినప్పుడు మేము అతనికి రెండు మాటలు చెప్పాము. ఒకటి, వెళ్ళి అడుగు. రెండు, ఎలా అడగాలో తెలుసుకుని అడుగు. ‘నా వల్ల తప్పేమైనా జరిగిందా’ అని అడిగితే ఈ దేశస్థుడు ‘అబ్బే, నువ్వు చాలా బాగా చేస్తున్నావు’ అంటాడు. అది అతని మర్యాద. అలా కాక, ‘వచ్చే నెల నేను వేరేగా చేయవలసినది ఒక్కటి చెప్పండి’ అని అడగాలి. ఒక్కటి అని అడిగితే చెప్పక తప్పదు.

అడిగాడు. పెద్ద డాక్టరు కాసేపు తటపటాయించి అసలు సంగతి చెప్పాడు. ‘నువ్వు రాత్రిపూట నాకు ఫోను చెయ్యవు.’ ఒక రాత్రి రెండు గంటలకు ఒక రోగి రక్తపోటు పడిపోవడం మొదలైంది. మన కుర్రవాడు సెలైను ఎక్కించాడు, మంచం పక్కనే తెల్లవార్లూ కూర్చున్నాడు, కన్ను మూయలేదు. ఆరున్నరకు రౌండ్లలో విషయం చెప్పాడు. రోగిని అప్పటికప్పుడు ఇంటెన్సివ్ కేరుకు మార్చారు. బతికాడు. కానీ నాలుగున్నర గంటలు పోయాయి. ఆ గంటల్లో చేయవలసినవి వేరే ఉన్నాయి.

కుర్రవాడు చేసినది ఎందుకు చేశాడో మనకు తెలుసు. పెద్దాయన, రోజంతా పనిచేసి అలసిపోయారు, రెండింటికి లేపడం ఏం మర్యాద అనుకున్నాడు. మన ఆసుపత్రుల్లో అర్ధరాత్రి ప్రొఫెసరు గారి నిద్ర చెడగొట్టే ధైర్యం ఎంతమంది హౌస్‌సర్జన్లకు ఉంటుంది? లేపకుండా తానే చూసుకున్నవాణ్ణి అక్కడ సమర్థుడంటారు. ఇక్కడ ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పెద్ద డాక్టరును లేపడం తప్పు కాదు, లేపకపోవడమే తప్పు. అతన్ని ఆ పని కోసమే అక్కడ పెట్టారు. గౌరవం చూపించాననుకున్నవాడు అక్కడివారి లెక్కలో సమాచారం దాచినవాడయ్యాడు. ఇంత కథనూ ఆ పెద్దమనిషి రెండు మాటల్లో చుట్టబెట్టి కాగితం మీద పెట్టాడు.

మా దృష్టిలో ఆయనది కూడా పెద్ద లోపమే. ‘రాత్రిపూట ఫోను చెయ్యడు’ అని తేటగా రాసి ఉంటే ఈ కుర్రవాడు మర్నాటి నుంచే మార్చుకునేవాడు. మనసు నొప్పించడం ఎందుకని మెత్తగా రాశాడు. ఆ మెత్తని మాట వల్ల ఇంకొక రోగికి ఇంకొక రాత్రి ఏమి జరిగి ఉండేదో! అంటే ఆయన కూడా ‘మీన్స్ వెల్’ కోవలోనివాడేనన్నమాట.

ఇలాంటి మాటల పట్టిక ఈ దేశపు వైద్యవిద్యలో ఇంకా ఉంది. మెడికల్ విద్యార్థుల గురించి కాలేజీ డీను పేరిట రెసిడెన్సీలకు వెళ్ళే ఉత్తరాల్లో అవుట్‌స్టాండింగ్, ఎక్సెలెంట్, వెరీ గుడ్, గుడ్ అని మెట్లుంటాయి. చాలా కాలేజీల్లో ‘గుడ్’ అట్టడుగు మెట్టు. గుడ్ అని వచ్చిందని ఇంట్లో పాయసం వండుకున్నవాళ్ళు మన వాళ్ళలో లేకపోలేదు.

మన సామెతలు ఈ విషయంలో బహు నిర్దయగా ఉంటాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటాం. ఆ మందు వేసినవాడి మనసు మంచిదా చెడ్డదా అని సామెత అడగనే అడగదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్నప్పుడూ అంతే, మట్టి పిసికినవాడి భక్తి ప్రస్తావనకు రాదు. మా వృత్తికి ఇంతకన్నా తగిన పాఠాలు లేవు. మేము చదువుకున్న వైద్యశాస్త్ర చరిత్రలో సగం మంచి ఉద్దేశాల చరిత్రే. 1799 డిసెంబరులో జార్జి వాషింగ్టనుకు గొంతు వాచి ఊపిరాడనప్పుడు, చుట్టూ ఉన్న వైద్యులు ఒక్క రోజులో మళ్ళీ మళ్ళీ రక్తం తీశారు. ఆయనంటే వాళ్ళకు ప్రాణం. ఆ రాత్రే ఆయన ప్రాణం పోయింది.

అంత పాతది ఎందుకంటారా, మన తరాలకు తగిలినదే చెబుతాము. డాక్టర్ బెంజమిన్ స్పాక్ పేరు వినని వారుండరు. 1946లో వచ్చిన ఆయన శిశుపోషణ పుస్తకం కోట్ల ప్రతులు అమ్ముడైంది. ఈ దేశంలో ఇంటింటా అది బాలశిక్ష. 1950ల రెండో సగం నుంచి ఆ పుస్తకం పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టమని చెప్పింది. వెల్లకిల పడుకున్న బిడ్డ కక్కుకుంటే ఉక్కిరిబిక్కిరి అవుతుందని ఆయన భయం. వినడానికి ఎంత సబబుగా ఉంది! లక్షల మంది తల్లులు అలాగే చేశారు. నిద్రలోనే, కారణం తెలియకుండా పోయే పసిపిల్లల్లో బోర్లా పడుకున్నవారే చాలా ఎక్కువని తరువాత తేలింది. 1992లో ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. 1994లో వెల్లకిల పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం మొదలుపెట్టారు. ఆ తరువాతి సంవత్సరాల్లో అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. స్పాక్ గారు దుర్మార్గుడా? పిల్లలను ఆయనకన్నా ఎక్కువ ప్రేమించిన డాక్టరును చూపించమంటే మేము చూపించలేము.

ఇప్పుడు ఊరి నుంచి కాన్పుకు వచ్చిన నానమ్మగారి సంగతి చూడండి. ఆవిడ మనవడి తొట్టిలో మెత్తని బొంత పరుస్తారు, తల గుండ్రంగా రావాలని చిన్న దిండు పెడతారు, సూట్‌కేసులో తెచ్చిన కాటుక డబ్బా తీస్తారు. ఏడాది లోపు పిల్లల పక్కలో దిండ్లూ బొంతలూ ఉండకూడదన్నది ఇక్కడి వైద్యుల మాట. బజారులో అమ్మే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుందని ప్రభుత్వం హెచ్చరిస్తూ వస్తున్నది. పడమటింటి నర్సు ఇవన్నీ చూసి కోడలితో నవ్వుతూ ‘గ్రాండ్మా మీన్స్ వెల్’ అంటుంది. కోడలు దానిని మెచ్చుకోలుగా అత్తగారికి తర్జుమా చేసి చెబితే ఆ దిండు అక్కడే ఉండిపోతుంది. నర్సు చెప్పినది దిండు తీసేయమని!

కోర్టులో కూడా ఈ తేడా చాలా పనిచేస్తుంది. డాక్టరు మీద నిర్లక్ష్యం దావా పడితే ‘మంచి ఉద్దేశంతోనే చేశాను’ అన్నది జవాబు కాదు. చెడు ఉద్దేశంతో చేశాడని అవతలివాడు అనడమే లేదు. తగిన శ్రద్ధతో చేశావా లేదా అన్నదే ప్రశ్న. చట్టం మంచి మనసును నేరుగా కాపాడే సందర్భం కూడా ఒకటుంది. దారిలో ప్రమాదం చూసి ఆగి, డబ్బు ఆశించకుండా సాయం చేసినవారికి రక్షణ ఇచ్చే గుడ్ సమారిటన్ చట్టాలవి. మొదటిది 1959లో కాలిఫోర్నియాలో వచ్చింది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. ఎవరూ అడగకపోయినా ఆగినవాడి ఉద్దేశానికి విలువ కట్టారు. జీతం పుచ్చుకుని చేసేవాడికి ఆ గొడుగు లేదు. ఇది మాకు న్యాయంగానే తోస్తుంది.

ఆసుపత్రుల్లో మన కుటుంబాల గురించి ఈ మాట మేము చాలాసార్లు విన్నాము. సాధారణంగా ఇలా జరుగుతుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మగారికి ఏదో గడ్డ కనబడింది. పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. డాక్టరు ఇంగ్లీషులో అంతా వివరంగా చెప్పి, ఏ చికిత్స కావాలో ఆమెనే అడగమంటాడు. పక్కన కూర్చున్న కొడుకు, పెద్ద ఇంజనీరు, తల్లి వైపు తిరిగి "చిన్న గడ్డేనమ్మా, మందులిస్తారట, నువ్వేమీ బెంగ పెట్టుకోకు" అంటాడు. ఐదు నిమిషాల మాటకు ఐదు సెకన్ల తర్జుమా. తెలుగు రాకపోయినా ఆ తేడా డాక్టరు కంటికి ఆనుతుంది. బయటికి వచ్చాక ‘ది ఫ్యామిలీ మీన్స్ వెల్’ అంటాడు. దాని తోక ఏమిటంటే, ఈ రోగికి తన జబ్బేమిటో తెలియదు, ఆమె ఇచ్చిన ఒప్పుదల ఒప్పుదల కాదు.

ఇందులో ఎవరి పక్షం అంటే మేము తడుముకోకుండా చెప్పలేము. తల్లికి ఆ మాట చెప్పలేని కొడుకు గొంతు మాకు తెలుసు. అయినా చాలా మంది తల్లులకు సంగతి ముందే తెలుస్తుంది. తెలిసినట్టు కొడుకుకు తెలియనివ్వరు. రెండు వైపులా మంచి ఉద్దేశాలే, మధ్యలో మాట్లాడుకోవలసినవి మాట్లాడుకోకుండా నెలలు గడిచిపోతాయి. ఊళ్ళో ఉన్న చెల్లెల్ని చూడాలనో, పొలం సంగతి తేల్చుకోవాలనో ఆవిడకు ఉండవచ్చు. ఆసుపత్రివారు తెలుగు దుబాసీని ఇమ్మంటే ఇవ్వాలి. ప్రభుత్వ సొమ్ము పుచ్చుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగా రాని రోగికి తగిన దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని 2010 నాటి ఆరోగ్య చట్టం కింద నిబంధన. ఎక్కువచోట్ల ఫోనులోనే దొరుకుతారు. అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లల చేత ఆ పని చేయించకూడదు కూడా. దుబాసీని పెట్టుకుంటే కొడుకు కొడుకుగా పక్కన కూర్చోవచ్చు. అంతా చెప్పించుకోవాలా వద్దా అన్నది అమ్మగారినే ముందుగా అడగవచ్చు. "నాకెందుకు, అబ్బాయితో చెప్పండి" అని ఆవిడే అంటే అదీ ఆవిడ నిర్ణయమే. డాక్టర్లు దానిని గౌరవిస్తారు.

మరొక జాగ్రత్త. మన సంఘంలో ఆదివారం బడి నడిపేవారిని, నాటకాలు వేయించేవారిని కాలేజీ దరఖాస్తుల కోసం పిల్లలు సిఫారసు ఉత్తరాలు అడుగుతుంటారు. అలాంటి ఒక ఉత్తరం చిత్తు ప్రతి ఈమధ్య మా కంటబడింది. ‘దిస్ గర్ల్ ఆల్వేస్ మీన్స్ వెల్’ అని అందులో ఎంతో ప్రేమగా రాసి ఉంది. చదివే అధికారికి ఆ పిల్ల ఏ పనీ సరిగా చేయదని చెప్పినట్టే. మంచి మనసున్న పిల్ల అని చెప్పాలంటే కైండ్ అనండి, థాట్‌ఫుల్ అనండి. అంతకన్నా మేలు, చేసిన పని ఒకటి రాయండి: ఉగాది నాటకానికి ముందు రోజు జ్వరం వచ్చిన పిల్ల పాత్రను రాత్రికి రాత్రి నేర్చుకుని వేసిందని. మంచి ఉద్దేశమని వేరే చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది. అన్నట్టు, వెల్‌విషర్ అని సంతకం చేయడం కూడా మానండి. మన సినిమాల పుణ్యమా అని "ఇట్లు, మీ శ్రేయోభిలాషి" అని ఉన్న ఉత్తరం వచ్చిందంటే పెళ్ళి ఆగిపోవడమే గదా.

చివరగా, ఈ మాట మన ఇళ్ళలోనే ఎక్కువగా ఎవరు ఎవరి గురించి వాడుతున్నారో చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మన పిల్లలు, మన గురించి. ఒక మిత్రుడు చెప్పారు. వారి పదిహేనేళ్ళ అమ్మాయి స్నేహితురాలితో ఫోనులో మాట్లాడుతూ ‘మై డాడ్ మీన్స్ వెల్’ అనడం మెట్ల దగ్గర ఆయనకు వినబడింది. ఆయన మురిసిపోయి భార్యకు చెప్పారు. ఆవిడ ఇక్కడ బడిలో పాఠాలు చెప్పే మనిషి. "మీరు ముందు దాని తోక ఏమిటో కనుక్కోండి" అన్నదట.

ఆయన వెంటనే అడగలేదు. రెండు రోజులు ఆగి, కారులో వెళ్తున్నప్పుడు అడిగారు. మొదట అమ్మాయి ఏమీ లేదంది. ‘వేరేగా చేయవలసినది ఒక్కటి చెప్పు’ అన్నారట ఆయన. ఆ యువకుడికి మేము చెప్పిన ఉపాయం ఆయనకూ ఒకసారి చెప్పి ఉన్నాము లెండి. అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. తనకు బి గ్రేడు వచ్చినప్పుడల్లా తనను అడగకుండా టీచరుకు ఉత్తరం రాయవద్దని, రాసిన ప్రతిసారీ టీచరు క్లాసులో తన వైపు జాలిగా చూస్తున్నదని. ఆయన ఉద్దేశం చదువు బాగుపడాలనే. ఆ మాట ఆయన అనబోయి ఆగిపోయారట. అది అమ్మాయికి ముందే తెలుసు, ఫోనులో స్నేహితురాలితో అన్నది ఆ మాటేగా.

ఇప్పుడు రాయడానికి ముందు అమ్మాయిని అడుగుతున్నారట. ఆమె ఇంతవరకూ ఒక్కసారే సరేనంది, అది కెమిస్ట్రీ టీచరు మార్కులు కూడడంలో పొరబడినప్పుడు.